గుండీలు లేని కర్టెన్లు

కుట్టుమిషను ఉండాల్సిన చోట లేదు.

అక్క పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, రోజూలాగే గోడ వారగా వంటింటికి బయలుదేరింది. నడవాలో చెయ్యి కొంచెం చాస్తే మిషను చక్రం చల్లగా తగలాలి. అది తగిలిందంటే కుడివైపు వంటిల్లు, ఎడమవైపు స్నానాల గది. ఇవాళ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఇంకొంచెం చాచింది. గోడ తగిలింది. కొత్తగా వేసిన రంగు వేళ్లకి కాస్త జిగురుగా అంటుకుంది. ఆ గోడనే పట్టుకుని, ఏదో మరిచిపోయి గుర్తు చేసుకుంటున్నదానిలా నిలబడింది.

"మిషను కోసమా అక్కా?" వంటింట్లోంచి చెల్లెలి గొంతు వినిపించింది. "తెల్లారకముందే లేచి వెనక షెడ్డులోకి జరిపేశాను. నిన్ను లేపడం ఎందుకని చెప్పలేదు. నడవా ఎంత విశాలంగా ఉందో చూడు ఇప్పుడు."

"అవునే. మంచి పని చేశావు," అంది అక్క. ఆ గొంతు ఎటునుంచి వచ్చిందో అటే నడిచి వంటింట్లోకి వెళ్లింది.

అక్కకి చూపు పోతోంది. వెలుగు ఎటువైపు ఉందో తెలుస్తుంది, ఎవరైనా కదిలితే నీడలా తెలుస్తుంది, అంతే. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పిన రోజు అక్క ఒక్కతే ఆసుపత్రికి వెళ్లి ఒక్కతే తిరిగొచ్చింది. నడుం నొప్పి అని చెప్పి కోట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టడం మానేసింది. చెల్లెలు బళ్లో లెక్కల టీచరు. పొద్దున్న వెళ్తే సాయంత్రం వస్తుంది. ఈలోగా అక్క ఇంటిని చేత్తో నేర్చుకుంది. ప్రతి కర్టెను అంచునా, చెయ్యి తేలిగ్గా అందే ఎత్తులో, వెనక వైపు ఒక గుర్తు కుట్టుకుంది. వంటింటికి పెద్ద కోటు గుండీ. స్నానాల గదికి హుక్కు. తన గదికి ముత్యంలాంటి చొక్కా బొత్తం. పెరటి గుమ్మం ముందు గోనెపట్టా పరిచింది, అక్కడ మెట్టు ఉందని కాలికి తెలియడానికి. ఉప్పు డబ్బాకి రబ్బరు బ్యాండు.

ఇవన్నీ పెద్దతనపు చాదస్తాలనుకుంది చెల్లెలు. అలా అనుకోవడమే అక్కకి కావాలి.

ఎందుకంటే చెల్లెలికి ఈ వయసులో పెళ్లి కుదిరింది. భార్య పోయిన పళ్ల డాక్టరు ఒకాయన, వేరే ఊరు. పంటి నొప్పితో వెళ్లిన మనిషి నవ్వుతూ తిరిగొచ్చిందని అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని అక్కే పెంచి చదివించింది. ఇంతకుముందు ఒకసారి ఒక సంబంధం వస్తే, అక్కకి టైఫాయిడ్ అని చెల్లెలు వద్దనేసింది. మళ్లీ ఆ మాట ఎత్తడానికి ఇన్నేళ్లు పట్టింది. అందుకే ఇల్లు అమ్మేద్దామన్నది అక్కే. అమ్మితే తనకి బజారు దగ్గర చిన్న ఫ్లాటు వస్తుంది, చెల్లెలికి వెనక్కి లాగే కొంపా ఉండదు అనుకుంది. ఆ ఫ్లాటులో తలుపు ఎటుందో, పొయ్యి ఎటుందో తనకి ఎవరు చూపిస్తారన్నది ఆలోచించడం మొదలుపెడితే భయమేసేది. ఆలోచించడం మానేసేది.

"ఇవాళ పదకొండింటికి వస్తున్నారట," అంది చెల్లెలు టీ గ్లాసు చేతికిస్తూ. "మొగుడూ పెళ్లాం. బ్రోకరు చెప్పాడు, చాలా శ్రద్ధగా ఉన్నారట."

"నిన్నటివాళ్లూ శ్రద్ధగానే వచ్చారుగా. పంపులన్నీ తిప్పి చూసి, మంచినీళ్లు తాగి వెళ్లారు."

"నిన్న ఇల్లు ఇలా లేదుగా. బ్రోకరు ఏమన్నాడు? కొనేవాళ్లకి మన ఇల్లు అక్కర్లేదు, ఆ గోడల మధ్య వాళ్లని వాళ్లు ఊహించుకోవాలి. మనవి ఎంత తక్కువ కనబడితే అంత మంచిది అన్నాడు. అందుకే పాత కర్టెన్లన్నీ తీసేశాను. తెల్లవి వేశాను. చూడు."

అక్క గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టింది. "అన్నీ తీసేశావా?"

"అన్నీ. వాటి మొహం చూస్తే ఏడుపొచ్చేది. గోనెపట్టా కూడా తీసేశాను. రెండుసార్లు తీస్తే రెండుసార్లు మళ్లీ పరిచావు, ఈసారి ఎక్కడ పెట్టానో నీకు దొరకదు."

"బాగున్నాయి," అంది అక్క, కొత్త కర్టెను అంచుని వేళ్లతో కిందికీ పైకీ తడుముతూ. నున్నగా ఉంది. ఎక్కడా ఏమీ లేదు. "గుడ్డ మంచిదే."

"అక్కా, ఆ చేత్తో పట్టుకోకు. నడవా గోడ నిండా నీ వేలిముద్రలే. నిన్న మళ్లీ రంగు వేశాను. పొద్దున్న చూస్తే మళ్లీ ఉన్నాయి."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆ తరువాత చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. ఇంట్లో ఎక్కడెక్కడో సామాను జరుగుతున్న చప్పుడు. సోఫా కాళ్లు నేల మీద గీసుకుంటున్నాయి. మేకు దిగుతోంది. ఏదో బరువైనది గోడకి ఆనింది. ఏది ఎటు పోతోందో అడగాలనిపించింది. అడిగితే, కనబడడం లేదా అంటుందేమోనని ఊరుకుంది.

పదకొండింటికి వాళ్లొచ్చారు. ముందు బ్రోకరు జేబులో తాళాల గుత్తి మోగింది. వెనక కొత్త చెప్పుల చప్పుడు, సెంటు వాసన.

"ఈవిడ మా అక్క," అంది చెల్లెలు. "ఇల్లంతా ఈవిడ చేతి మీదే నడిచింది."

అక్కకి ఉత్సాహం వచ్చింది. ఈ ఒక్క పని అయినా చెయ్యాలనుకుంది. ఇల్లు చూపించడం తనకి కష్టమేమీ కాదు, ముందురాత్రి పడుకుని ఏ మాట ఎక్కడ చెప్పాలో అనుకుంది కూడా. హాల్లోకి వచ్చి సోఫా వీపు చేతికి తగలగానే నిలబడింది. సోఫా వీపు దగ్గర నిలబడితే ఎదురుగా వీధి కిటికీ. ఎదురుగా వెలుగు ధగధగలాడుతోంది కూడా.

"ఇలా రండమ్మా. ఈ కిటికీ చూసే మా నాన్న ఈ ఇల్లు కొన్నాడు," అంది. "ఇక్కడ నిలబడితే వీధి చివరిదాకా కనబడుతుంది. ఎదురింటి గోడ మీద ఎర్రపూల తీగ చూశారా? బడి వదిలితే పిల్లలందరూ ఇటే వెళ్తారు."

కొత్త చెప్పులు అటూ ఇటూ కదిలాయి.

"ఎక్కడండీ?" అన్నాడు ఆ భర్త.

"ఇదేనండీ, మీ ఎదురుగానే."

అతని భార్య కిసుక్కున నవ్వింది. "మాకు మేమే కనబడుతున్నాం."

అక్కకి ఆ హాస్యం అర్థం కాలేదు. అయినా నవ్వింది. "కొత్త కదా. ఉండండి, రెక్క తీస్తాను, గాలి వస్తుంది," అంటూ గడియ కోసం చెయ్యి పెట్టింది. వేళ్లకి చల్లటి నున్నటి గాజు తగిలింది. పక్కకి జరిపింది. నగిషీ చెక్కిన చట్రం. అప్పుడు వీపు మీద ఎండ తగులుతున్న సంగతి తెలిసింది. కిటికీ వెనక ఉంది. సోఫాని చెల్లెలు తిప్పేసింది. ఎదురుగా ఉన్నది అద్దం.

బ్రోకరు గట్టిగా నవ్వేశాడు. "పెద్దావిడకి సరదా ఎక్కువండీ. రండి, పడకగదులు చూద్దాం."

అడుగుల చప్పుళ్లు లోపలికి వెళ్లాయి. వాళ్లు వెళ్లిపోయేదాకా అక్క ఆ అద్దం ముందే, ఎటు తిరగాలో తెలియక, నిలబడి ఉంది.

గేటు మూసుకుంది. చెల్లెలు తిరిగొచ్చింది.

"అయిందా నీ సరదా?"

"అది కాదే చిన్నీ..."

"ఏది కాదు? అద్దం పెట్టడం నీకు నచ్చలేదు. నచ్చకపోతే నాతో అనాలి. బయటివాళ్ల ముందు నన్ను వెర్రిదాన్ని చెయ్యాలా? ఇంటిని అందంగా చెయ్యాలని వారం నుంచి చస్తున్నాను. నేను రంగు వేస్తాను, నువ్వు చేతులు పులుముతావు. నేను తీసేస్తాను, నువ్వు తెచ్చి పెడతావు. పూల కుండీ తన్నేశావు. పోనీ పొరపాటు అనుకున్నాను. ఇన్ని పొరపాట్లా అక్కా?"

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అక్క నోటి దాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో తనకి తెలుసు. సాయంత్రానికి పళ్ల డాక్టరుకి పెళ్లి వద్దని ఫోను వెళ్తుంది. టైఫాయిడ్ నాటి కథే మళ్లీ.

"ఒక్క మాట చెప్పు," అంది చెల్లెలు. "నేను వెళ్లడం నీకు ఇష్టం లేదా? అమ్మేద్దామని నోటితో అని, చేత్తో చెడగొడుతున్నావా?"

"అవునే," అంది అక్క. "ఇష్టం లేదు."

ఆ మాటలో అబద్ధం ఎంతో నిజం ఎంతో ఆవిడకే తెలియలేదు.

చెల్లెలు గిరుక్కున తిరిగింది. పాత కర్టెన్లు కుక్కిన సంచి తీసుకుని, ఈడ్చుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయింది. ఏడుపు ఆపుకోవడానికి ఆమెకి ఏదో ఒక పని కావాలి. సంచి మూతి బిగిస్తుంటే పైనున్న గుడ్డలోంచి హుక్కు వేలికి గుచ్చుకుంది. విసుగ్గా ఆ కర్టెను బయటికి లాగింది. స్నానాల గదిది. అంచు వెనక, ఎవరికీ కనబడని చోట, కోటుకి కుట్టే పెద్ద హుక్కు. ఇక్కడ హుక్కెందుకు? ఇంకొకటి తీసింది. వంటింటిది. దానికి కోటు గుండీ, సరిగ్గా అదే ఎత్తులో. అక్క గదిది. చొక్కా బొత్తం. దారం కుట్టు వంకరటింకరగా ఉంది. గజిబిజి కుట్టు కనబడితే మొత్తం విప్పి మళ్లీ కుట్టే మనిషి అక్క.

చెల్లెలు ఆ గుడ్డలు చేత్తో పట్టుకునే లోపలికి వచ్చింది. నడవా గోడ మీద, తెల్ల రంగులో, వేలిముద్రల బారు. అది కూడా అదే ఎత్తులో ఉంది.

హాలు చివర అక్క ఇంకా నిలబడే ఉంది. కొత్త తెల్ల కర్టెను అంచు పట్టుకుని, వేళ్లతో కిందికీ పైకీ, పైకీ కిందికీ వెతుకుతోంది. ఒక అడుగు వేసింది. ఆగిపోయింది. మళ్లీ వెనక్కి వచ్చి అదే అంచు పట్టుకుంది. తన ఇంట్లో తన గది ఎటో తెలియక నిలబడిపోయింది.

చెల్లెలు దగ్గరికి వెళ్లి ఎదురుగా నిలబడింది. అక్క మొహం ఆమెను దాటి ఎటో చూస్తోంది.

"నువ్వేనా చిన్నీ?" అంది అక్క. "పెయింటు వాసన వస్తోంది."

"ఎప్పటినుంచి అక్కా?"

అక్క తడుముకుంటున్న చెయ్యి ఆగిపోయింది. "మిషను మూసేసినప్పటినుంచి," అంది.

"నడుం నొప్పి అన్నావుగా."

"నడుమైతే నూనె రాసి నీ పనికి నువ్వు వెళ్తావు. కళ్లయితే పెళ్లి మానేస్తావు."

చెల్లెలు అక్కడే నేల మీద కూలబడింది. అక్క కాళ్లు పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "నేనే తీసేశాను. ఒక్కొక్కటీ నా చేత్తోనే. నీ కళ్లు నేనే తీసేశాను కదే అక్కా."

"ఊరుకో. నీకేం తెలుసని." అక్క వంగి, తల ఎక్కడుందో వెతుక్కుని, జుట్టు నిమిరింది. "ఏమే, పెళ్లి మానేస్తానని మాత్రం అనకు. అంటే నిజంగానే చెడగొట్టినదాన్ని అవుతాను."

అప్పుడే ఫోను మోగింది. బ్రోకరు. చెల్లెలు కళ్లు తుడుచుకుని విన్నది. ఆ జంటకి ఇల్లు నచ్చింది. రేపు పెద్దవాళ్లని తీసుకుని మళ్లీ వస్తారట. అద్దం దగ్గర పెద్దావిడ వేసిన జోకు దారంతా చెప్పుకుని నవ్వుకున్నారట.

చెల్లెలు ఫోను పెట్టేసింది. అమ్మితే ఏమవుతుందో, అమ్మకపోతే ఏమవుతుందో, రెండూ ఇద్దరినీ ఒకేలా భయపెట్టాయి.

"ఫ్లాటు లేదు, ఏమీ లేదు," అంది చివరికి చెల్లెలు. "నాతో వస్తావు. ఇప్పుడే ఆయనకి చెబుతాను. ఒప్పుకోకపోతే ఆయన పళ్లు ఆయన పీక్కోనీ."

అక్కకి నవ్వొచ్చింది. నవ్వుతూనే చెల్లెలి భుజం గట్టిగా పట్టుకుంది. "ఆ ఇల్లు నాకు తెలీదే. ఎక్కడ గోడో ఎక్కడ గుమ్మమో. నాకు భయంగా ఉంది."

"నాకూ తెలీదు. నాకూ భయంగానే ఉంది."

చెల్లెలు షెడ్డులోంచి గుండీల డబ్బా తెచ్చింది. రేపు ఎవరొచ్చినా సరే, ఈ రాత్రికి అక్క తన గదికి తను వెళ్లాలి. సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. అక్క వేళ్లతోనే చూసుకుంటూ తెల్ల కర్టెన్లకి కుట్టడం మొదలుపెట్టింది. వంటింటికి కోటు గుండీ. స్నానాల గదికి హుక్కు.

"అక్కా, నా గది కర్టెనుకి ఏం కుట్టేదానివి? సంచిలో ఎంత వెతికినా దాని అంచుకి ఏమీ లేదు."

"దానికి గుర్తెందుకే? లోపల నువ్వుంటావుగా. ఏదో ఒకటి వాగుతూనే ఉంటావు."

చెల్లెలు లేచింది. తన గది తెల్ల కర్టెను తీసి, ఆ అంచుని అక్క ఒళ్లో పెట్టింది.

అక్క డబ్బాలో చెయ్యి పెట్టింది. పెద్దవి, చిన్నవి, చెక్కవి, కొమ్మువి, రెండు కళ్లవి, నాలుగు కళ్లవి. ఏ గుండీ పట్టుకుని చూపుడువేలితో రుద్ది చూసినా ఇది కాదనిపించింది. వదిలేసి ఇంకొకటి తీసింది. అదీ కాదు. చెల్లెలు దారం ఎక్కించిన సూది పట్టుకుని, ఎంతసేపైనా సరేనని, పక్కనే కూర్చుని ఉంది.