దొరకోట దిగుడుబావి

గిద్దలూరు అవతల, నల్లమల అంచున దొరకోట అని ఒక ఊరుంది. పాడుబడిన కోట, అందులో రాణివాసం, దాని వెనకాల ఒక దిగుడుబావి. ఆ బావికి మంచి పేరు లేదు. పొద్దుగూకినాక దాని గట్టు మీద నిలబడి పిల్లల్ని పేరు పెట్టి పిలవకూడదంటారు. పిలిస్తే — పలుకుతారు. కాని పలికేది మన పిల్లలు కాదంట... ఎప్పుడో కోట ముట్టడి నాడు ఒక తల్లి తన బిడ్డను ఆ మెట్ల కింద దాచిపెట్టి, తిరిగి రాలేకపోయిందంట. ఆ బిడ్డ ఇప్పటికీ, ఎవరు పిలిచినా వాళ్లమ్మే అనుకుంటుందంట.

నిరుడు కార్తీకంలో మార్కాపురం నుంచి ఒక కుటుంబం ఆ కోట చూడబోయింది. మురళీధర్‌కు బజార్లో బట్టల దుకాణం. భార్య భ్రమరాంబ, ఎనిమిదేళ్ల కూతురు సింధు, ఇంకా మాటలు రాని చంటోడు. పెద్దోడు హరికృష్ణ అంతకు ముందు వానాకాలంలో విషజ్వరమొచ్చి పోయినాడు. ఆ తర్వాత వాళ్లు సరదాగా గడప దాటింది అదే మొదలు. పిల్లకైనా కాస్త గాలి మారుతుందని మురళీధరే కారు మాట్లాడినాడు.

ఇంట్లో హరి పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే భ్రమరాంబ మంచం దిగదు. అందుకని మురళీధర్ ఫొటో కూడా బీరువాలో పెట్టేసినాడు.

పగలంతా బాగానే గడిచింది. బురుజులెక్కినారు. ఏనుగుల సాల చూసినారు. చింతచెట్టు కింద పులిహోర, పెరుగన్నం తిన్నారు. టికెట్లిచ్చే ముసలామె కోటమ్మ, సింధును పక్కన కూచోబెట్టుకొని కోట కథలన్నీ చెప్పింది. ఆ పిల్ల నోరు తెరుచుకొని విన్నది.

పొద్దు వాలుతుండగా కోటమ్మ తాళాలు పట్టుకొని వచ్చింది.

"ఇంక బయల్దేరండమ్మా. గేటు మూస్తా."

అప్పుడు చూసుకున్నారు — సింధు లేదు.

మురళీధర్ చంటోణ్ణి ఎత్తుకొని బురుజుల వైపు పరిగెత్తినాడు. భ్రమరాంబ రాణివాసం వైపు పోబోతే, కోటమ్మ చెయ్యి పట్టుకొని గొంతు తగ్గించింది.

"ఆ బావికాడ మాత్రం పేరు పెట్టి పిలవబాక తల్లీ."

కొండ పక్కన చీకటి తొందరగా పడుతుంది. రాణివాసం గదుల్లో గబ్బిలాల కంపు తప్ప ఏమీ లేదు. చివరికి బావి గట్టు... మెట్లు కిందికి, ఇంకా కిందికి పోయి చీకట్లో కలిసిపోయినాయి. గట్టు మీద సింధు చెప్పులు.

భ్రమరాంబ వంగి కిందికి చూసింది. కోటమ్మ మాట చెవుల్లోనే ఉంది. చప్పట్లు కొట్టింది. గాజులు గలగలలాడించింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంక ఆగలేక నోరు తెరిచింది. సింధూ అని పిలవాలనే తెరిచింది. వచ్చిన పేరు వేరే.

"హరీ..."

చీకట్లో ఏమీ కదల్లేదు. తర్వాత, కింద నుంచి, సన్నగా —

"ఆఁ... అమ్మా."

ఒళ్లు జల్లుమంది. కాని అది భయం కాదు. భయమైతే వెనక్కి పరిగెత్తేది. ఆమె మెట్లు దిగింది. పాచి పట్టిన రాళ్లు, కాలు జారుతోంది. అడుగున నీళ్లెంత లోతో తెలియదు. కూతురి కోసం వచ్చిన సంగతే మరిచిపోయింది. "వస్తన్నా నాయనా... ఉండు, వస్తన్నా" అంటూ గోడ తడుముకుంటూ దిగింది.

ఒక చిన్న చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"నేనమ్మా."

సింధు. గోడ వారగా ముడుచుకొని కూచోనుంది.

భ్రమరాంబ ఆ మెట్టు మీదే కూలబడింది. "నువ్వా పలికింది?"

"ఊఁ. ముందు తిడతావని మాట్లాడలేదు."

"మరి అప్పుడెందుకు పలికినావే?"

"నువ్వు అన్నను పిలిచినావు గదా. ఎవరూ పలక్కపోతే ఏడుస్తావని..."

తల్లి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. తల నిమురుతూ అడిగింది, "ఈ చీకట్లో ఇక్కడికెందుకొచ్చినావు తల్లీ?"

"ఇక్కడ పిలిస్తే పలుకుతారంట. అవ్వ చెప్పింది." సింధు గుసగుసగా అనింది. "ఇంట్లో పిలవనియ్యరు గదా. అందుకే ఇక్కడ పిలిచినా. చానాసేపు పిలిచినా..."

అమ్మ కొంగు పట్టుకుంది.

"అన్న పలకలేదమ్మా."

పైనుంచి సెల్‌ఫోను వెలుతురు పడింది. మురళీధర్ చంటోణ్ణి భుజాన వేసుకొని నిలబడినాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో... తిట్టలేదు. నిదానంగా దిగివచ్చి వాళ్ల పక్కన కూచున్నాడు. లైటు ఆర్పేసినాడు.

గొంతు సవరించుకొని, కింది చీకట్లోకి చూస్తూ, "హరీ" అని పిలిచినాడు.

ముగ్గురూ చెవులు రిక్కించి కూచున్నారు. ఎక్కడో నీళ్లలో ఒక చుక్క పడింది. అంతే — ఇంకేమీ వినపడలేదు.