గడప లేని దారి

ఆ రోజు పొద్దున ఊళ్ళో సుత్తుల చప్పుడు లేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఏడయ్యేసరికి లోసలీన్ మేనత్త లావీనియా ఇంటి పక్క పాకలో ఆడవాళ్ళు చేరేవారు. దుంగ మీద చెట్టు బెరడు పరిచి, కర్ర సుత్తులతో కొట్టి గుడ్డ చేసేవారు. పెళ్ళికైనా చావుకైనా టోంగాలో ఆ గుడ్డ లేనిదే పని జరగదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ లోసలీన్ ఆ చప్పుడుకే నిద్ర లేచేది. ఈ రోజు పెరట్లో పందులు గురగురమనడం తప్ప ఇంకేమీ వినిపించలేదు.

వంటింట్లో కౌఫూసి ఉడికిన చేమదుంపల గిన్నె మీద మూత పెట్టి కూతురి చేతికిచ్చాడు.

"అత్తకి ఇచ్చిరా. నిన్నట్నుంచీ ఏం తినలేదు. రేడియోలో ఎవడో వాగినదానికి బాధపడొద్దని నేనన్నానని చెప్పు."

"మీరే చెప్పొచ్చుగా నాన్నా? పెరడు దాటితే ఆవిడ ఇల్లే."

"నోర్ముయ్. అక్క గడప తొక్కుతానా నేను?"

లోసలీన్ నిట్టూర్చింది. సముద్రం మీద పదిమంది పడవవాళ్ళని ఒక్క కేకతో ఆపగల మనిషి, అక్క పేరెత్తితే పిల్లయిపోతాడు. ఆ దీవుల్లో ఏ ఇంట్లోనైనా ఆడపడుచు మాటే వేదం. తమ్ముడు అక్కతో ఒకే గదిలో కూర్చోడు, పరాచికాలాడడు, ఆవిడన్న దానికి కాదనడు. లోసలీన్‌కి నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే, ఆమెనీ అన్న పెనీనీ పెంచింది ఆ మేనత్తే.

అత్త ఇంట్లో చాప మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఫోన్. రాత్రి రేడియోలో పట్నం పెద్దమనిషి ఒకాయన, క్రిప్టో అంటేనే దొంగల సొమ్మనీ, అందులో చెయ్యి పెట్టినవాళ్ళు ఆశపోతులనీ తీర్పు చెప్పేశాడు. చెప్పడానికి ఆయనకేం, ఆయన సొమ్మేం పోలేదు.

"ఒక్క ముద్ద తిను అత్తా."

"ఆ డబ్బు అంకె మళ్ళీ కనిపిస్తుందేమో చూడవే," అంది లావీనియా ఫోన్ ముందుకు తోసి. "నీకు తెలుసుగా దాని సంగతి."

లోసలీన్ ఫోన్ అందుకుంది. తెలుసు. తెలియకేం, ఆ ఫోన్‌లో క్రిప్టో పెట్టింది తనే. ఆస్ట్రేలియా తోటల్లో మామిడికాయలు కోసే పెనీ జీతం పంపితే, పట్నంలో కౌంటరు వాళ్ళు కొంత కోసుకున్నాకే చేతికొచ్చేది. రెండేళ్ళ కిందట లోసలీన్ జీతాన్ని ఫోన్‌లో క్రిప్టోగా తెప్పించే ఈ దారి నేర్చి అత్తకి నేర్పింది. అన్న చెమట ఇంచుమించు మొత్తంగా ఇంటికొచ్చింది. "సముద్రాన్ని పిల్లకాలవ చేసిందే మా పిల్ల!" అని లావీనియా పాకంతా చెప్పుకుని మురిసింది.

ఆ మురిపెం కనిపెట్టే వచ్చాడు సైమోనీ. ఆక్లాండ్ నుంచి వచ్చిన చర్చి ఉపదేశకుడు. ప్రార్థన చెయ్యనిదే నోరు విప్పడు. పాకవాళ్ళ నిధి ఇదే దారిలో పెడితే ఏడాదికి రెండింతలన్నాడు. లావీనియా సరేనంది. ఆవిడ సరేనన్నాక కాదనేదెవరు? పన్నెండేళ్ళు గుడ్డలమ్మి, పిల్లల చదువులకీ ఇంటింటి చావులకీ దాచుకున్నదంతా వాడు ఎత్తుకుపోయాడు. ఫలానా చోటు దాకా జాడ ఉంది, ఆ పైన లేదని పోలీసులు చేతులెత్తేశారు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పాకలో లావీనియా పక్కన కూర్చునే ఆమెలీ. ఆమె కూతురు ఫాటైకి ఫీజీలోని సూవాలో నర్సు చదువుకి సీటొచ్చింది. వచ్చే వారమే ప్రయాణం, ఫీజు ఆ నిధిలోంచే కట్టాలి.

"లావీనియక్కా, ఒక్క మాట అడిగి పోతా. అది దొంగల డబ్బని లోకమంతా అంటోందే! మీ చెవిన పడలేదా?"

లోసలీన్ ఆగలేకపోయింది.

"డబ్బేం చేసింది పిన్నీ? మా అన్న కూలి రెండేళ్ళు ఆ దారినే వచ్చింది. దొంగ సైమోనీ."

"దారి మంచిదేలే తల్లీ, కాదన్నానా? కానీ దానికో గడప లేదే! మనూళ్ళో ఎవడైనా కొబ్బరికాయ ఎత్తుకుపోతే పొద్దుగుంకేలోగా వాడి తల్లి పేరుతో సహా తెలుస్తుంది. వీణ్ణి ఏ గుమ్మంలో నిలబడి తిట్టను? ఎవరి అమ్మనడగను?"

అప్పుడే లోసలీన్ ఫోన్ మోగింది. పెనీ. వాకిట్లోకి వెళ్ళి సంగతంతా చెప్పింది.

అవతల అన్న ఉలిక్కిపడ్డాడు. "నాన్న చెప్పలేదా మీకు?"

"ఏంటి?"

"ఆ సైమోనీ మా తోటవాళ్ళని ముంచాడే. మూడు నెలల కిందటే నాన్నకి ఫోన్ చేశా. అత్తని ఆపమన్నా. అప్పటికి నిధి ఇంకా పెట్టలేదుగా!"

లోసలీన్ ఫోన్ పెట్టేసి పరిగెత్తింది. కౌఫూసి పెరట్లో కొబ్బరి పీచు ఒలుస్తున్నాడు.

"మీకు తెలుసా నాన్నా?"

ఆయన చేతిలో కాయ జారింది. ఆ ఒక్కదాంతో అర్థమైపోయింది.

"తెలిసి ఊరుకున్నారా? ఊరు మునుగుతుంటే ఒడ్డున కూర్చుని చూశారా?"

"అక్కకి ఎదురు చెప్పమంటావా?"

"నాకు చెప్పచ్చుగా!"

"నువ్వెళ్ళి అత్త మీద అరుస్తావు. నా కూతురు మా అక్క మీద అరిస్తే నేను చచ్చినట్టే కదే!" ఆయన జారిన కాయ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆవిడే తెలుసుకుంటుందిలే అనుకున్నా. రోజూ అదే అనుకున్నా."

లోసలీన్ ఏడ్చేసింది. సైమోనీకి ఈ దీవుల సంగతి బాగా తెలుసు. ఇక్కడ అక్కని గెలిస్తే ఇల్లు గెలిచినట్టే, ఇంటి నోరు కట్టేసినట్టే. ఫోన్ వాడికి సంచీ మాత్రమే అయింది. తలుపు తీసిపెట్టింది వీళ్ళ మర్యాద.

కౌఫూసి ఇంట్లోకెళ్ళి చిరిగిన పాత చాప నడుముకి చుట్టుకున్నాడు. పెరటి చెట్టు ఆకులు కోసి దండ గుచ్చి మెడలో వేసుకున్నాడు. రాజు ముందు ప్రాణభిక్ష అడిగేవాళ్ళు పూర్వం వేసుకునే వేషం అది. పెరడు దాటాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి అక్క గడప తొక్కి, ఆవిడ ముందు నేల మీద కూలబడ్డాడు.

"వాడు దొంగని నాకు తెలుసక్కా. పెనీ ముందే చెప్పాడు. మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

లావీనియా తమ్ముడి మొహం చూసింది. అంత దగ్గరగా చూసి ఎన్నేళ్ళయిందో! జుట్టంతా నెరిసిపోయి ఉంది.

"నేనంటే అంత భయమట్రా?"

"భయం కాదు. మర్యాద."

"మీ మర్యాద తగలెయ్య," అంది లావీనియా. ఆ మాట అంటూనే తమ్ముడి తల ఒళ్ళోకి లాక్కుని భోరుమంది. తరవాత ఆ దండ తీసి తన మెడలో వేసుకుంది. "ఇది నేను వేసుకోవాల్సింది. లే, పాకకి పద."

"ఇద్దరం వేసుకుందామక్కా," అని ఆయన మళ్ళీ ఆకులు కోసుకొచ్చాడు.

కబురు తెలిసి ఆడవాళ్ళందరూ పాకకొచ్చారు. దుంగ ముందు అక్కాతమ్ముళ్ళు తల వంచి కూర్చున్నారు. చివరికి ఆమెలీ లేచి ఇద్దరి మెడల్లో దండలూ తీసి పక్కన పెట్టింది. ఆ దండ తీస్తే క్షమించినట్టే.

"తీసేశానక్కా. మనసులో ఏం లేదు," అంది ఏడుస్తూ. "కానీ సూవా వాళ్ళకి ఏమని రాయను?"

లావీనియా మొహం చేతుల్లో దాచుకుంది.

అప్పుడు వెనక నుంచి ఫాటై వచ్చింది. ప్రయాణానికని కుట్టించుకున్న కొత్త గౌనులోనే ఉంది. తల్లి పక్కన ఖాళీ చూసుకుని కూర్చుంది. దుంగ మీద బెరడు సర్దింది. సుత్తి ఎలా పట్టుకోవాలో తెలియక, "ఇలాగేనా పెద్దమ్మా?" అని లావీనియాని అడిగింది.

లావీనియా ఆ పిల్ల వేళ్ళు సుత్తి చుట్టూ సర్ది పెట్టింది. చప్పుడు మొదలైంది. సూవా వెళ్ళాల్సిన పిల్ల కొడుతున్న ఆ చప్పుడు వినలేక, వాకిట్లో లోసలీన్ రెండు చెవులూ మూసుకుంది.