ఒకటో నంబర్ గన్

“మీ బావనే వాడుకుందాం,” అన్నాడు చీఫ్ తాపీగా టీ చప్పరిస్తూ.

ఏజెంట్ ముంగిస తన టీ కప్పు కింద పెట్టేశాడు.

విదేశీ ముఠా ఒకటి చీఫ్‌ని లేపేయాలని చూస్తోంది. ఆఫీసులో ఎలక్ట్రిక్ కార్లు నలభై, ఛార్జర్లు నాలుగే! ఎవరికెంత ఛార్జింగ్ కావాలో, ఇంకెన్ని ఛార్జర్లు పెట్టాలో తేల్చడానికి వచ్చిన అందాల కన్సల్టెంట్, దూరం నుంచి వచ్చేవాళ్లకే ముందు అంటూ ప్లాన్ గీసింది. అలా ఒకటో నంబర్ ఛార్జింగ్ గన్ చీఫ్ కారుకు దక్కింది. ఆ గన్ ఊడదీయడానికి బటన్ నొక్కినవాడు మాడి మసైపోతాడు. ఎవరో చేసిన ఆ ఏర్పాటును ముంగిస నిన్ననే కనిపెట్టాడు. ఆ పని ఆమెదే అనడానికి మాత్రం సాక్ష్యం లేదు.

“మన ఆఫీసులోనే ఉన్న మీ బావ పక్కవాళ్ల గన్ పీకి తన బండికి పెట్టుకునే రకం కదా? పీకనీ. అప్పుడు ఆమె ఏం చేస్తుందో నువ్వు చూడు.”

“కరెంట్ తీసేస్తాను సార్.”

“తియ్యకు. ఆమె ఫోన్‌లో తెలిసిపోతుంది.”

“బావ పోతే?”

“మీ అక్కకి నేనే ఫోన్ చేస్తాలే.”

చీఫ్ గారి దయాగుణం అంతటిది!

మధ్యాహ్నం పార్కింగ్‌లో ముంగిస దొంగ మీసం, ఎలక్ట్రీషియన్ యూనిఫారంతో నిచ్చెనెక్కాడు. కన్సల్టెంట్ ట్యాబ్ పట్టుకుని కార్లు లెక్కపెడుతోంది. బావ గొణుక్కుంటూ వచ్చాడు.

“ఇదేం ప్లానింగమ్మా! నా బండి నడిరోడ్డు మీద చతికిలబడేలా ఉంది. పెద్దాయనది ఫుల్లయిందిగా, పీకేస్తున్నా.”

“రెండోది ఇప్పుడే ఖాళీ అవుతుందండీ. ఆగండి.”

“రోజూ ఇదే మాట!”

బావ చెయ్యి గన్ మీద పడింది. ముంగిస నిచ్చెన ఒక మెట్టు దిగాడు. చెవిలో చీఫ్ గొంతు పలికింది: “కదలకు.”

బావ వేలు బటన్ వైపు జరిగింది.

“ముట్టుకోకండి! చచ్చిపోతారు!”

అరిచింది ఆమే. వెంటనే నాలుక కరుచుకుంది. ముంగిస నిచ్చెన మీంచి దూకి ఆమె చేతులకు సంకెళ్లు వేశాడు.

“ఆయన్ని కాపాడినందుకా?”

“అవును. ఊరుకుని ఉంటే ఈపాటికి ఇంటికెళ్లిపోయేదానివి.”

ఆమెను లాక్కెళ్లారు. నేల మీద కూలబడ్డ బావ, సగం ఊడిన మీసం వైపు చూసి గుర్తుపట్టాడు.

“బామ్మర్దీ, నువ్వా! కరెంట్ ముందే తీసేశావుగా?”

ముంగిస తల దించుకున్నాడు.

“చంపడానికొచ్చినవాళ్లే నీకంటే నయంరా,” అంటూ బావ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. “రాత్రికి ఇంటికి రా. మీ అక్కకి నువ్వే చెబుదువుగాని.”

ఆ రోజు మొత్తంలో ముంగిసకు చెమట పట్టింది అప్పుడే.