తిరిగి అడిగే కొసరు

పెద్దకోడలు అంబిక చేతులకు బంగారు గాజులు లేవన్న సంగతి అత్త గోవిందమ్మ ఇంకా గమనించలేదు. చూసిన నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు! అవి మామూలు గాజులా... అత్తగారు తన చేతుల నుంచి తీసి కోడలికి తొడిగిన జత! ఇప్పుడవి గుడియాత్తం బజారులో ఒక కుదువ అంగడి పెట్టెలో ఉన్నాయి. అంబికేమో మణికట్లు కనబడకుండా కొంగు చుట్టుకుని తిరుగుతోంది.

ఇంత పని ఎందుకు చేసిందంటారా తల్లీ? కడుపుమంట! వేలూరు సత్తువాచారిలో ఉండే తోడికోడలు నివేదిత, కూతురు స్నేహకు చెవులు కుట్టించిన నాడు నలుగురిలో సెల్లు తీసి, ఆటలో మూడు లక్షలు గెలిచానని చూపించింది. గోవిందమ్మ మురిసిపోయి, మా చిన్నది తెలివైందని అందరికీ చెప్పింది. ఆ ఒక్క మాట అంబిక గుండెలో ముల్లై దిగింది... రోజూ అత్త కాళ్ళకు నూనె రాసేది తాను, తెలివైనదన్న పేరు మాత్రం చుట్టంలా వచ్చిపోయేదానికా!

నివేదిత చూపించిన ఆ ఆట ఆన్‌లైన్ కాసినో. తొలిసారి ఇరవై వేలు కడితే ఇంకో ఇరవై వేలు బోనస్ ఇస్తామని అందులో రాసి ఉంది. అంబిక పుట్టిందీ మెట్టిందీ పప్పుల అంగడి వాళ్ళ ఇళ్ళే. సరుకు కొలిచాక పైన గుప్పెడు కొసరు వేయడం ఆ ఇళ్ళ మర్యాద. వేసినవాడు మళ్ళీ అడగడు. బోనస్ కూడా కొసరే అనుకుంది పిచ్చితల్లి! భర్త దామోదరానికి చెప్పకుండా గాజులు కుదువ పెట్టి డబ్బు కట్టింది.

తెర మీద నలభై వేలు మెరిసింది. ఇక చాలు, తీసుకుందామని నొక్కితే... రాలేదు! బోనస్‌కు ముప్పై రెట్లు, అంటే ఆరు లక్షల దాకా పందేలు కాస్తేగానీ రూపాయి కదలదట. అదీ వారంలోగా! చక్రాలు తిరిగే ఆటలో పెడితే పందెమంతా లెక్కకొస్తుందట, పేకాటలో పెడితే పదోవంతేనట. అంబిక చక్రాల ఆటే పట్టుకుని, చిన్న చిన్న పందేలతో ఒబ్బిడిగా ఆడింది. ఎంత ఒబ్బిడిగా ఆడినా కరుగుతూనే వచ్చి... చివరికి సున్నా!

మర్నాడు బస్సెక్కి సత్తువాచారికి పోయింది. పంతం చంపుకుని తోడికోడలి ముందు కూర్చుంది.

"ఆ దుడ్డు నువ్వెట్ల బయటికి తీసినావో నాకూ చెప్పు నివేదితా."

నివేదిత మెళ్ళోని గొలుసు తడుముకుంది.

"యాడ తీసినానక్కా. ఆ మూడు లక్షలు తెర మీదనే ఉండె. గడువు దాటినాక అదీ పోయింది. నా గొలుసు కుదువలో ఉండాది. ఈ మెళ్ళోది గిల్టు."

"మరి ఊరందరికీ ఎందుకు చూపించినావు?"

"అత్త నీకు గాజులు తొడిగిన నాటి నుంచి నాకు కంట్లో నిప్పులే అక్కా. ఆమె నోట నాకూ ఒక మంచి మాట పడాలని..."

అంబిక చుట్టుకున్న కొంగు విప్పి, రెండు బోసి చేతులూ ముందుకు చాచింది.

"ఏ గాజులకు ఏడ్చినావో చూసుకో."

నివేదిత చూసింది... ఆ చేతులనే మొహానికి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఒకరి కలిమిని చూసి ఒకరు కుళ్ళిపోయారు, కడకు ఇద్దరి దగ్గరా కలిమి లేదు!

సాయంత్రానికి ఇద్దరూ గుడియాత్తం వచ్చి గోవిందమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశారు. ఆ ముసలితల్లి తిట్టలేదు, కొట్టలేదు. బోనస్ అంటే ఏందో రెండుసార్లు చెప్పించుకుంది.

"కొసరేసినోడు గిరాకీని ఇంటికి పోనిస్తాడు గదమ్మా. వాకిలి మూసి నిలబెట్టినాడంటే అది కొసరు యాడైతాది," అంది. "దామోదరానికి నేను చెప్తా. ఆ గాజులు ఇద్దరూ కలిసి విడిపించుకోండి. తలా ఒకటి ఏసుకోండి."

తన జతలో ఒకటి! అంబికకు ప్రాణం చివుక్కుమంది. అయినా తల ఊపింది.

భోజనాల దగ్గర గోవిందమ్మ నెయ్యి వడ్డిస్తుంటే, ఎవరికి ఎక్కువ పడిందోనని అంబిక కన్ను పక్క విస్తరి మీదికి పోయింది. అదే క్షణంలో నివేదిత కన్నూ ఇటే వచ్చింది! ఇద్దరూ సిగ్గుతో తలలు వంచుకున్నారు...

అంబిక అత్త చేతిలోని నెయ్యిగిన్నె అందుకుని, నివేదిత అన్నంలో ఇంకో చెంచా వేసింది.

"తిను," అంది. "ఇది కొసరు."