రోడ్డు పక్కన నడిచినవాళ్ళు

తెనాలి కోర్టులో సాక్ష్యం చెప్పి, రేపల్లె పాసింజరు దిగి సంజీవరావు మాస్టారు ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మనిషికి బాధేమీ లేదు. కాస్త బాధ ఉంటే బాగుండుననిపించేటంతగా లేదు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, భార్య మంచం దగ్గరికి వెళ్ళాడు.

కరుణ పలకరించలేదు. నడుము కింద స్పర్శ పోయిన దగ్గర్నుంచి ఆమెకి మాటలూ తగ్గిపోయాయి. తొంభై ఒకటి డిసెంబరులో, బాపట్లలో పెళ్ళికని ఆమె అన్న దేవదానం తన అంబాసిడర్ కారులో ఇద్దర్నీ ఎక్కించుకెళ్ళాడు. ఇదే వేళకి కారు కల్వర్టు గోడకి గుద్దుకుంది. దేవదానం అక్కడికక్కడే పోయాడు. మాస్టారికి విరిగిన చెయ్యి అతుక్కుంది. కరుణ కాళ్ళు మాత్రం మళ్ళీ కదల్లేదు. వెల్లూరులో ఆపరేషను చేయిస్తే నడవొచ్చన్నారు. దానికి బీమా పరిహారం తప్ప వేరే దిక్కులేదు.

ప్లీడరు హనుమంతరావు మొదటిరోజే పెదవి విరిచాడు.

"సొంత కారులో ఊరికే ఎక్కించుకున్నవాళ్ళకి ఈ పాలసీలో ఏమీ రాదు మాస్టారూ. రోడ్డు పక్కన నడుస్తుంటే గుద్దాడనండి, ఇద్దరికీ వస్తుంది. పెళ్ళికి వెయ్యి అబద్ధాలాడొచ్చన్నారు. ఆవిడ కాళ్ళ కోసం మీరు ఒక్కటాడితే ఏం పోయింది?"

మాస్టారు బైబిలు మీద చెయ్యేసి ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేశాడు. మేమిద్దరం నడుస్తున్నాం, కారులో అతనొక్కడే. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, ఆ పూట కోర్టులో దేవదానం కళ్ళు కనపడకుండా కారు తోలినవాడయ్యాడు.

రోజూలాగే నూనె రాద్దామని మాస్టారు దుప్పటి తీశాడు. కరుణ పాదాల నిండా దుమ్ము. మడమలో తుమ్మముల్లు.

"ఎవరన్నా వచ్చారా?"

"లేదండీ."

"మరి ఇదేంటి?"

"నడిచానండీ." ఆమె పైకప్పు వంకే చూస్తోంది. "నడిచామని చెప్పారుగా."

మాస్టారు ముల్లు తీశాడు. ఆమెకి నొప్పి తెలియలేదు. తడిగుడ్డతో పాదాలు తుడిచాడు. మర్నాడు అదే వేళకి మళ్ళీ దుమ్ము. ఆ మర్నాడూ అంతే. మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు. మాస్టారు దానికీ అలవాటు పడ్డాడు.

తీర్పుకి ముందురోజు సాయంత్రం మాత్రం తలుపు గడియ పెట్టి, మంచం పట్టె మీద కూర్చుని, కరుణ పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు. ఎలా వస్తుందో చూద్దామనుకున్నాడు. బయట కోసిన వరి పనల వాసన. కాలవ గట్టున కప్పలు అరుస్తున్నాయి. చూస్తుండగానే అవి ఆగిపోయాయి. వరి వాసన పోయి పెట్రోలు వాసన వచ్చింది.

పాదాలు కదల్లేదు. కానీ అరికాళ్ళు వేడెక్కాయి. మాస్టారి వేళ్ళ సందుల్లోంచి దుమ్ము... మెల్లగా... రాలసాగింది.

"ఏమండీ... కారొస్తోంది."

"కరుణా, రేపు వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"చెబితే నేను లేవను కదండీ."

మాస్టారికి భయం వేసింది. ఇన్నాళ్ళకి మొదటిసారి, గట్టిగా వేసింది.

"అన్నయ్య తోలుతున్నాడు," ఆమె గుసగుసగా అంది. "ఒక్కడే లేడండీ. వెనక సీట్లో ఇద్దరున్నారు."

"ఎవరు?"

"మనమే... మనల్ని చూడట్లేదు."

హారను మోగింది. వీధిలో కాదు. గదిలో... మాస్టారి వీపు వెనకే.

"పక్కకి జరగండి," అంది కరుణ.

డాక్టర్లు సూది గుచ్చినా చలించని ఆ కాళ్ళు అతని చేతుల్లోంచి జారాయి. మంచం అవతలికి తిరిగాయి. కరుణ నేల మీద పాదం మోపింది. లేచి, గోడవారకి ఒదిగి నిలబడింది.

మాస్టారూ లేవబోయాడు. నడుము కింద కాళ్ళెక్కడున్నాయో తెలియలేదు.