కామెర్ల డ్రాయర్

ఉదయం తొమ్మిదీ అయిదు. మరణాల రిజిస్ట్రీ ఆఫీసు. రెండో అంతస్తు, రికార్డు గది.

మూడో బీరువా తాళం వేసే ఉంది. తెరిచి చూస్తే రెండో డ్రాయర్ ఖాళీ.

పూర్తిగా ఖాళీ అనడానికి లేదు. నాలుగు వందల ముప్ఫై ఒక్క కార్డుల్లో రెండు మిగిలాయి. తక్కినవన్నీ మాయం.

పోయినవి నగలు కావు. పడమటి ప్రాంతంలో ఆరేళ్ళలో చచ్చిపోయినవాళ్ళ కార్డులు. ఒక్కో కార్డు మీద పేరు, తేదీ, ఇంటి ఫోన్ నంబరు, డాక్టరు సంతకం, చావుకి కారణం. కారణం అన్నింటిమీదా ఒక్కటే. కామెర్లు.

"చచ్చినవాళ్ళ కామెర్ల కార్డులు ఎవడిక్కావాలయ్యా? దీనికి పోలీసులెందుకు?" రిజిస్ట్రీ డైరెక్టర్ మండిపడ్డాడు. "ఈ క్లర్కుకి పనీపాటా లేదు. నన్నడక్కుండా ఫోన్ చేసింది."

ఇన్‌స్పెక్టర్ అతనివైపు తలైనా తిప్పలేదు. డిపార్టుమెంటులో ఇతన్ని జిడ్డు అంటారు. మొహం మీదే అంటారు. అతనికి పట్టదు.

"దొంగ పడింది మీ ఆఫీసులో. కోపం దొంగ మీద రావాలి, ఫోన్ చేసిన మనిషి మీద కాదు. బయట కూర్చోండి."

డైరెక్టర్ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

మిగిలింది కోడింగ్ క్లర్క్. యాభై ఏళ్ళ మనిషి. కార్డు మీద రాసిన కారణాన్ని చదివి, దానికో కోడ్ నంబరు వేసి, కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. అందరూ కోడక్క అంటారు.

"తాళంచెవి ఎక్కడుంటుంది?"

"క్యాలెండర్ వెనక మేకుకి."

"ఎవరెవరికి తెలుసు?"

"ఈ ఆఫీసులో పిల్లికి కూడా తెలుసు."

"కార్డులు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం అయిదున్నరకి. బీరువాకి తాళం వేసి జిరాక్సు కోసం కిందికెళ్ళాను. ఆరింటికి వచ్చి గదికి తాళం వేసి, ఆ చెవి ఇంటికి పట్టుకెళ్ళాను. ఇవాళ పొద్దున్నే మళ్ళీ తీశాను."

"ఆ అరగంటా ఈ అంతస్తులో ఎవరున్నారు?"

"హాల్లో మీటింగ్. మధ్యలో టీకి లేచారు. డైరెక్టరుగారు, తూర్పు డాక్టరమ్మ, పడమటి డాక్టరుగారు. అంతే."

ఇన్‌స్పెక్టర్ డ్రాయర్ మీదికి వంగాడు. నెలకొకటి చొప్పున డెబ్భై రెండు అట్టలు నిలబెట్టి ఉన్నాయి. డెబ్భై ఒక్క అట్టల వెనక ఏమీ లేదు. ఒక్కదాని వెనక మాత్రం రెండు కార్డులు. మూడేళ్ళ కిందటి మార్చి నెల.

"హడావిడిలో వదిలేసుంటాడు," అంది కోడక్క.

ఇన్‌స్పెక్టర్ ఆ నెలని పుస్తకంలో రాసుకున్నాడు.

"ఇవన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా?"

"ముందువైపు ఉంది. వెనకవైపు లేదు."

"వెనక ఏముంది?"

ఆమె మిగిలిన కార్డొకటి వెనక్కి తిప్పి చూపించింది. ఒక్కసారిగా మొదలుపెట్టింది.

"కామెర్లు రోగం కాదు సార్, రోగానికి గుర్తు. అది రాసి చేతులు దులిపేసుకుంటే నేను కోడ్ ఎలా వెయ్యను? అందుకే ఇంటికి ఫోన్ చేస్తాను. నొప్పి ఎక్కడ? వీపులోకి పాకిందా? ఒళ్ళంతా దురదా? ఎన్ని కిలోలు తగ్గారు? కొత్తగా షుగర్ వచ్చిందా? వాళ్ళు చెప్పింది కార్డు వెనక పెన్సిల్‌తో రాస్తాను. ఆరేళ్ళనుంచీ రాస్తున్నాను."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదు. రాయొద్దని డైరెక్టరుగారు రెండు మెమోలిచ్చారు."

"ఏం తేలింది?"

"రెండు వందల ఎనభై ఏడుగురిది ఉత్త కామెర్లు కాదు. పాంక్రియాస్ క్యాన్సర్. కడుపులో వెనకెక్కడో ఉంటుంది, స్కాన్ తీస్తే తప్ప తెలీదు. ఇవాళ మూడింటికి కమిటీ వస్తోంది. ఉన్నది ఒకే ఒక్క స్కాన్ మిషన్, ఒక సర్జను. ఆ క్యాన్సర్ చావులు ఎక్కడెక్కువో అక్కడికిస్తారు. కాగితం మీద తూర్పులో లక్షకి పన్నెండు, పడమట నాలుగు. ఆ కార్డులు నా చేతిలో లేకపోతే పడమటికి మళ్ళీ మొండిచెయ్యే."

"మీకెందుకమ్మా ఇంత పట్టుదల?"

"మా తమ్ముడు అక్కడే ఉండేవాడు. నలభై రెండేళ్ళు. నాలుగుసార్లు ఆస్పత్రికెళ్ళాడు, నాలుగుసార్లూ కామెర్లకే మందిచ్చారు." ఆమె డ్రాయర్ని విసురుగా మూసింది. "వాడి కార్డు నా బల్లమీదికే వచ్చింది సార్. కామెర్లు అని ఉంది. ఆ కోడ్ ఈ చేత్తోనే వేశాను."

ఇన్‌స్పెక్టర్ పుస్తకం మూశాడు.

"దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు కాకుండా మూడింటిలోగా తేల్చండి," అంది.

ఆ మాటకి ఇంకొకడైతే ఎగిరిపడేవాడు. ఇతను తలాడించి బయటికి నడిచాడు.

పదీ ఇరవై. డైరెక్టర్ గది.

గోడకి పెద్ద గ్రాఫ్. ఎర్ర గీత తూర్పు. ఆరేళ్ళ కింద లక్షకి అయిదు దగ్గర మొదలై ఎక్కుతూ ఎక్కుతూ పన్నెండుకి చేరింది. నీలం గీత పడమర. అడుగున చాప పరిచినట్టు పడుకుని ఉంది.

"చూశారుగా. తూర్పులో ఈ రోగం ఏటేటా పెరుగుతోంది. తిండో, నీళ్ళో, గాలో. ఏదో ఉందక్కడ. పడమటివాళ్ళ ఒంటితత్వమే వేరు. గట్టి పిండాలు. నా రిపోర్టు మొత్తం అదే. వచ్చే నెల రిటైరవుతున్నాను. దీన్ని చూసే నన్ను పెద్ద కమిటీలోకి పిలిచారు."

"అంటే ఆ కార్డులు బయటికొస్తే మీ రిపోర్టు బుట్టదాఖలు."

"మాట జాగ్రత్త!"

"కార్డుల సంగతి నిన్న మీటింగులో డాక్టర్లకి ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను. కోడక్క రేపు కామెర్ల డ్రాయర్ మోసుకొస్తుందట అని. నవ్వుకున్నాం. ఆ పెన్సిల్ రాతలకి విలువేముంది? కారణం మార్చాలంటే కార్డు మీద సంతకం చేసిన డాక్టరే మార్చాలి. రూలు."

ఇన్‌స్పెక్టర్ గ్రాఫ్ దగ్గరికి వెళ్ళాడు. నీలం గీత ఒక్కచోట మేకులా పైకి లేచింది. దాన్ని ఇంటూ మార్కుతో కొట్టేశారు.

"ఇదేంటి?"

"తప్పు. నెలకి రెండు చావులొచ్చే చోట ఆరొచ్చాయి. అలాంటివి ఏరి పారేస్తాం."

"ఏ నెల?"

"మూడేళ్ళ కిందటి మార్చి."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పుస్తకం తీసి చూసుకున్నాడు. మళ్ళీ పెట్టేసుకున్నాడు.

"ఆరేళ్ళ కింద తూర్పుకి కొత్తగా ఏం వచ్చింది?"

"స్కాన్ మిషన్ వచ్చింది. ఇప్పుడడుగుతున్నది రెండోది. దానికీ దొంగతనానికీ ఏం సంబంధం?"

"నేను ప్రశ్నలడిగేవాణ్ణి. జవాబులు మధ్యాహ్నం."

పదకొండుంబావు. మూడో అంతస్తు, గెస్ట్ రూమ్.

పడమటి డాక్టరు మంచం అంచున కూర్చున్నాడు. అరవై దాటినవాడు. ఆ ఆస్పత్రికి పెద్ద. అక్కడి మరణ కార్డులన్నిటి మీదా ఆయన సంతకమే ఉంటుంది. తూర్పువాళ్ళు చాటుగా పచ్చ డాక్టరంటారు. కళ్ళు నిద్రలేక వాచి ఉన్నాయి. ఒళ్ళో నల్ల బ్యాగు.

"నిన్న టీ టైములో ఎక్కడున్నారు?"

"మోకాలు సలిపితే ఈ గదికొచ్చి మందు రాసుకున్నాను. విరిగి అతుక్కున్న కాలు. ఏం, నేరమా?"

"కార్డులు ఎవరు తీసుంటారు?"

"ఆ గుమస్తానే. ఫోన్లో రోగం కనిపెడుతుందట! నేను ముప్ఫై నాలుగేళ్ళు చెయ్యి పట్టుకుని చూసి రాసింది తప్పు, ఆవిడ ఫోన్లో విన్నది ఒప్పు!"

"బ్యాగు బరువుగా ఉన్నట్టుంది. కింద పెట్టండి."

"అలవాటు."

పన్నెండున్నర. కారిడార్ చివర, కిటికీ పక్కన, తూర్పు డాక్టరమ్మ.

"నా మీదా అనుమానం? ఆ మిషన్ మా ఆస్పత్రికి రావాలని నేనడిగిన మాట నిజమే. దానికోసం దొంగతనం చేస్తానా?"

"మిగిలిన రెండు కార్డుల మీదా సంతకం మీదే."

ఆమె మొహం ఎర్రబడింది. "అయితే పట్టుకెళ్ళండి! ఆ మార్చి నెల పెద్దాయన కాలు విరిగి సెలవు పెట్టారు. బదులు నన్ను పంపారు. కళ్ళు పచ్చబడ్డ ప్రతివాణ్ణీ బండెక్కించి తూర్పులో స్కాన్ తీయించాను. ఆరుగురికి పాంక్రియాస్ క్యాన్సర్, ఆఖరి దశ. నెల తిరక్కుండానే పోయారు. ఇద్దరికి నిజంగానే కామెర్లు. ఆయన తిరిగొచ్చి, నా పేషంట్లని ఊళ్ళు తిప్పిందని నా మీద ఫిర్యాదు రాశారు."

ఇన్‌స్పెక్టర్ పడమటి ఆస్పత్రికి ఫోన్ చేశాడు. సెలవు పుస్తకం చూడమన్నాడు. మార్చి ఒకటి నుంచి ముప్ఫై ఒకటి. సరిపోయింది.

రెండూ అయిదు. మీటింగ్ హాలు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు.

"తెలిసిపోయింది," డైరెక్టర్ వేలు చూపించాడు. "ఈవిడ సంతకాలున్నవే వదిలేసింది. ఇంకేం కావాలి?"

తూర్పు డాక్టరమ్మ కుర్చీలోంచి లేవబోయింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తాడు.

"కార్డులు పోవాలనుకుంటే ఈవిడ ఆ నెలవే ముందు మాయం చేసేది. ఎందుకంటే పడమట కూడా ఈ రోగం ఇంత ఎక్కువుందని చెప్పే నెల అదొక్కటే." జేబులోంచి రెండు కార్డులూ తీసి బల్లమీద పెట్టాడు. "పొద్దున్న కోడక్క ఒక మాటంది. దొంగ హడావిడిలో రెండు వదిలేశాడని. హడావిడిలో ఉన్నవాడు డ్రాయర్ బోర్లిస్తాడు. వీడు అట్ట వెనక అట్ట వేలు పెట్టి లాగాడు. డెబ్భై ఒక్కటి ఖాళీ చేశాడు. ఒక్క నెల దాటేశాడు. ఎందుకు?"

ఒక కార్డు మీది తేదీ మీద వేలు పెట్టాడు.

"ఆ నెల తనది కాదని వాడికి తెలుసు. ఆ నెలంతా మంచం మీద ఉన్నాడు. కాలికి కట్టుతో."

పడమటి డాక్టరు చెయ్యి బ్యాగు మీద బిగిసింది.

"నాలుగు వందల పైచిలుకు కార్డులు. పేరిస్తే జానెడు కట్ట. డాక్టరు బ్యాగులో ఇట్టే పడుతుంది. బయట పెడతారా, నేను తియ్యాలా?"

ముసలాయన బ్యాగు తెరిచి కట్టని బల్లమీదికి విసిరాడు.

"నావి! ప్రతి కార్డు మీదా నా సంతకం. నావి నేను తీసుకున్నాను. రేపు పేపర్లో నా పేరు వేసి రెండు వందలమందిని చంపాడని రాయరా? రాత్రంతా చదివాను. పెన్సిల్ రాత, ఒక్కొక్కటీ. మూడుసార్లు వెళ్ళాం, నాలుగుసార్లు వెళ్ళాం... ఒకదాని వెనక మా తమ్ముడు అని ఉంది. చింపేద్దామనుకున్నాను. చెయ్యాడలేదు."

"కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. డాక్టరుకి కూడానా?" కోడక్క గొంతులో కత్తి ఉంది.

"నా దగ్గరేముందమ్మా చూడ్డానికి?" ఆయన బల్ల గుద్దాడు. "టార్చిలైటు, స్టెతస్కోపు! ఆ నెల మినహా స్కాన్‌కి తూర్పు దాకా వెళ్ళలేక ఎంతమంది ఇంటికి తిరిగెళ్ళారో నీకు తెలుసా? మిషన్ కావాలని పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండిటికీ ఈయన జవాబు ఒకటే. మీ దగ్గర ఆ రోగం రేటు తక్కువ. అవసరం లేదు."

అందరూ డైరెక్టర్ వైపు చూశారు. అతను గ్రాఫ్ కాగితాలు సర్దుకోసాగాడు.

"మిషన్ లేదు కాబట్టి రోగం కనపళ్ళేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కనపళ్ళేదు కాబట్టి మిషన్ ఇవ్వలేదు. తూర్పులో మిషనొచ్చిన ఏడాది నుంచే గీత పైకి లేచింది. అక్కడ చావులు కొత్తగా పుట్టలేదు, పేరు దొరికింది. డాక్టరుగారూ, మీరడిగిన మిషన్‌కి సాక్ష్యం ఆ కట్టే. పరువు కోసం దాన్నే ఎత్తుకెళ్ళారు."

ముసలాయన ఖాళీ బ్యాగు కింద పెట్టాడు.

"అయినా అవి అనుమానాలే," డైరెక్టర్ గొణిగాడు. "రుజువు కాదు."

"కచ్చితంగా చెప్పాలంటే స్కాన్ తియ్యాలి," అంది తూర్పు డాక్టరమ్మ. "అదే కదండీ అడుగుతున్నది. నేను నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. రూలు ప్రకారం సంతకం చేసిన డాక్టరు మార్చొచ్చన్నారుగా? మార్చనివ్వండి."

రెండున్నర.

కోడక్క అప్పటికే కట్ట విప్పింది. రెండు వందల ఎనభై ఏడు కార్డులు వేరు చేసింది. ఒక్కోదాని వెనకా, కమిటీ కోసం ముందే చేయించి పెట్టుకున్న రబ్బరు స్టాంపు కొడుతోంది. సవరణ, పాంక్రియాస్ క్యాన్సర్ అనుమానం, డాక్టరు సంతకం. ఇంకు ప్యాడ్ మీద, కార్డు మీద, ప్యాడ్ మీద, కార్డు మీద. ఇరవై రెండేళ్ళ చెయ్యి.

పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అరగంటుంది. కార్డుకి ఆరు సెకన్లు."

"దొంగతనం కేసు?" ఆయన ఇన్‌స్పెక్టర్ని అడిగాడు.

"నాలుగింటికి రాసుకుంటాను. ముందు ఇది రాయండి."

ముసలాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. మొదటి కార్డు తిప్పి పెన్సిల్ రాత మీదికి వంగాడు. సంతకం చేశాడు. రెండోది. మూడోది. పదో కార్డు దగ్గర చెయ్యి ఆగింది.

"మీ తమ్ముడిది... ఏదమ్మా?" తలెత్తకుండానే అడిగాడు. "ముందు అది ఇవ్వు."

"ఇవ్వను." కోడక్క ఇంకో కార్డు ఆయన ముందుకి తోసింది. "అన్నిటికంటే అడుగున పెట్టాను. అక్కడిదాకా చెయ్యి ఆపకుండా రండి."