మందెక్కిన చెయ్యి

"మేడం, ఈ నంబర్ నిజమైతే మీ పేషెంట్ కిడ్నీలు ఆగమైతయి. బ్లడ్ ఏ చేతికెల్లి తీసిన్రు?"

నాచారం ల్యాబ్ నుంచి నేను చేసిన ఫోన్ అది. క్యాన్సర్ మందు ఇచ్చినంక అది ఒంట్లకెల్లి పోతున్నదా, విషమై నిలవడ్డదా అని రక్తంల కొలిచి చెప్పుడు నా పని.

"నా శాంపిల్‌ల తప్పుండదు. ముందు మీ మిషిన్ సూస్కోన్రి," అని ఫోన్ పెట్టేసింది ఉప్పల్ దవాఖాన నర్సు మనస్విని.

నాకు మండింది. బండెక్కి వానల తడుసుకుంటనే పోయిన.

వార్డుల పేషెంట్ దుర్గమ్మ మంచం కాడ ఉన్నది మనస్విని. నా దిక్కు గుర్రుగ సూసింది. ఆ కండ్లు సూసినంక తెచ్చుకున్న తిట్లల్ల సగం మర్చిపోయిన.

"మందు ఏ చేతికి ఎక్కించిన్రు?"

"ఎడమ చేతికి."

"బ్లడ్?"

మనస్విని దుర్గమ్మ దిక్కు సూసింది. దుర్గమ్మ అందుకున్నది.

"పిల్లనేమనకు బిడ్డా. కుడి చేత్తోని అన్నం తింట, దాన్ని పొడవకని నేనే బతిమాలిన. మందెక్కిన పైపులకెల్లే తీసింది."

అదీ సంగతి. పైపుల మిగిలిన మందు గూడ రక్తంల కలిసి కొలతకొచ్చింది.

"నంబర్ నిజమైతే నిన్ను ఇంటికి పోనియ్యరమ్మా. జర కుడి చెయ్యియ్యి," అన్న నేను.

ఇచ్చింది. మనస్విని కొత్త సూదితోని రక్తం తీసింది.

బయటికొచ్చినంక మనస్వినితోని మెల్లగ అన్న, "మొదటి శాంపిల్ దారిల ఖరాబైందని రాస్త. మీ పేరు రాదు."

"వద్దు ఉపేందర్ గారు. డాక్టర్‌కు నేనే చెప్త. రేపు ఇంకో నర్సు గూడ గిట్లనే చేస్తే?"

గంతే. అప్పటిదాంక కోపమున్న కాడ ఇంకేందో వచ్చి కూసున్నది.

సాయంత్రానికి నంబర్ మంచిగొచ్చింది. మళ్ల బండి తీసిన. దుర్గమ్మ మంచం కాడనే రిపోర్ట్ సూసి మనస్విని కండ్లు తుడుసుకున్నది.

"డాక్టర్ మస్తు తిట్టిండు," అన్నది. "అయినా, ఇది వాట్సాప్‌ల పెడితే సాలు గదా?"

"సాలు. మిమ్మల్ని సూడనీకి వచ్చిన. మీరంటే నాకిష్టం."

మనస్విని గబగబ సెలైన్ సీసా సరిజేయవట్టింది. అది మంచిగనే ఉండె.

"ఓ పిల్లా," అన్నది దుర్గమ్మ, "రేపు నన్ను ఇంటికి పంపుతరంట. జవాబేందో నా ముంగట్నే చెప్పు. ఇంటికి పోయి నేను ఫికర్ వెట్టుకోలేను."

మనస్విని నా దిక్కు సూడలే. దుర్గమ్మతోనే అన్నది:

"ఆదివారం మా ఇంటికి రమ్మను అమ్మా. మా నాయినతోని మాట్లాడే ధైర్యముంటే."